గోడ మూసే ముందు ఎవరు చూశారు? విదేశంలో ఉంటూ పాత బిల్డింగును కొత్త వ్యాపారానికి మార్చుకోవడం గురించి

అందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజినీరును. పాత బిల్డింగులకు మరమ్మతులు చేయించడం, ఒక పనికి కట్టినదాన్ని ఇంకో పనికి అనువుగా మార్చడం నా వృత్తి. యజమాని ఒక దేశంలో, బిల్డింగు ఇంకో దేశంలో ఉన్న పనులు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. అలాంటి యజమానులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘నమ్మకమైన కాంట్రాక్టరు ఎవరైనా ఉన్నారా?’

ఉంటారండీ. కానీ ఆయన దొరికినంత మాత్రాన మీ టెన్షన్ తీరదు. మంచి కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ప్లంబర్ కూడా సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో ఒక జాయింటు సరిగ్గా బిగించకపోవచ్చు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి వచ్చి దాని మీద ప్లాస్టరింగ్ చేసేస్తాడు. ఇద్దరిలో ఎవరూ దొంగలు కారు. ఆరు నెలల తర్వాత ఆ గోడ మీద చెమ్మ మరక కనిపిస్తుంది. అప్పటికి మీ వ్యాపారం మొదలై ఉంటుంది, లోపల కస్టమర్లు కూర్చుని ఉంటారు.

అందుకని ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతి. మరమ్మతు పనిలో సగానికి సగం మూతపడిపోయే పనే. గోడలో పైపు, గచ్చు కింద డ్రైనేజీ, ఫాల్స్ సీలింగ్ పైన వైరింగ్, టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్. పెయింటు బాగా లేకపోతే మీరు వచ్చినప్పుడు చూసి మళ్లీ వేయించుకోవచ్చు. మూతపడిన దాన్ని చూడాలంటే పగలగొట్టాలి. దూరంగా ఉండే యజమాని తన తెలివి, డబ్బు, విమానం టికెట్టు అన్నీ పెట్టాల్సింది ఆ మూతపడే పని మీదే. మిగతా విషయాలన్నీ దాని చుట్టూనే చెబుతాను.

అయితే పనికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు ఆ బిల్డింగు మీ వ్యాపారాన్ని మోస్తుందా? మోయడం అంటే అచ్చంగా బరువు మోయడమే. నివాసానికి కట్టిన అంతస్తును డిజైన్ చేసేటప్పుడు మనుషులు, సామాన్ల బరువు కింద చదరపు మీటరుకు 200 కిలోల చుట్టుపక్కల లెక్క వేస్తారు. జనం గుమిగూడే హాలుకు 400 నుంచి 500 కిలోలు వేస్తారు. సరుకు దొంతర్లు పెట్టే గోదాముకైతే అంతకంటే ఎక్కువే. మీటరు ఎత్తున నీళ్లు నిలబెడితే చదరపు మీటరుకు సరిగ్గా 1000 కిలోలు. పై అంతస్తులో జిమ్ పెడదామనో, ఫైళ్లు, పుస్తకాలు దాచుకునే గది చేద్దామనో అనుకునేవారు ఈ అంకెలు ఒకసారి తలచుకోవాలి.

ఇంకో చిన్న లెక్క. పాత గచ్చు తీయించడం దుమ్ము, ఖర్చు అని, దాని మీదే సిమెంటు పరిచి కొత్త టైల్స్ వేయిస్తారు. అయిదు సెంటీమీటర్ల మందం సిమెంటు బెడ్ అంటే చదరపు మీటరుకు 100 కిలోలకు పైనే. ఒక్క మనిషి కాలు పెట్టకముందే, ఒక్క కుర్చీ వేయకముందే ఆ స్లాబు మీద అంత భారం ఎక్కింది. దూరం నుంచి చూసేవారికి అది ‘ఫ్లోరింగ్’ అనే ఒక్క ఐటమ్. స్లాబుకు అలా కాదు.

తర్వాత అనుమతి. ఇంటిని దుకాణంగా, దుకాణాన్ని క్లినిక్‌గా మార్చడాన్ని దాదాపు అన్ని చోట్లా వినియోగ మార్పు కిందే చూస్తారు. గోడ ఒక్కటి కూడా కదపకపోయినా అనుమతి కావాల్సి రావచ్చు. మంటలు లేస్తే బయటపడే దారులు ఎన్ని, తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది, చక్రాల కుర్చీలో వచ్చేవారు లోపలికి ఎలా వస్తారు, పార్కింగ్ ఎక్కడ అని అడుగుతారు. చక్రాల కుర్చీ సంగతే తీసుకోండి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదు, అంటే ఒక మీటరు ఎత్తుకు కనీసం పన్నెండు మీటర్ల పొడవు ఉండాలన్నది చాలా దేశాల్లో ఉన్న నియమం. గుమ్మం ముందు మూడు మెట్లు, అంటే 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు కావాలి. పైనా కిందా మలుపుకు జాగా దానికి అదనం. ముందున్న స్థలం మొత్తం అక్కడే అయిపోతుంది. ఈ ముక్క బిల్డింగు అద్దెకు తీసుకునే ముందు తెలిస్తే బేరం ఆడొచ్చు, లేదా వదులుకోవచ్చు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టాక తెలిస్తే ఏం లాభం?

వ్యాపారం లైసెన్సు ఇచ్చేవాళ్లు చివర్లో వచ్చి తనిఖీ చేస్తారు కదా, వాళ్లు ఏమేం చూస్తారన్న జాబితా ముందే సంపాదించి ఆర్కిటెక్టు చేతిలో పెట్టండి. చేతులు కడుక్కునే సింకు ఎక్కడుండాలి, గోడ ఎంత ఎత్తు వరకు కడగడానికి వీలుగా ఉండాలి, గాలి బయటికి పోయే డక్టు ఎటు తెరుచుకోవాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. డ్రాయింగు అయ్యాక జాబితా తెచ్చుకుంటే డ్రాయింగు మళ్లీ వేయాలి. పని అయ్యాక తెచ్చుకుంటే గోడ మళ్లీ కట్టాలి.

అన్నట్టు, మీరు కొనబోయే అతి పెద్ద యంత్రం కొలతలు తీసుకుని, అది వీధి నుంచి తన చోటికి వెళ్లే దారంతా కొలిపించండి. గేటు, గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు. వినడానికి చాదస్తంగా ఉంటుంది. యంత్రం వచ్చి రోడ్డు మీద నిలబడ్డాక, అప్పుడే రంగు వేసిన గోడను పగలగొట్టడం నేను చూశాను. (నవ్వులు)

ఇక బిల్డింగు ఆరోగ్యం. దూరంగా ఉన్నవారికి ఇక్కడ ఒక మంచి అవకాశం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. మీరు ఆలోచించుకుంటూ, లోను కోసం తిరుగుతూ ఉండే ఆ నెలలన్నీ బిల్డింగును గమనించడానికి పనికొస్తాయి. గోడ మీద పగులు ఉంది. అది పాతదా, ఇంకా పెరుగుతోందా? ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. పగులుకు అడ్డంగా చిన్న గాజు పలకను రెండు చివర్లా ప్లాస్టరుతో అతికించి, పక్కనే తేదీ రాయిస్తారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. దానికయ్యే ఖర్చు ఏపాటి? నెలకోసారి ఎవరో ఒకరు వెళ్లి ఫొటో తీసి పంపితే చాలు. ఎండాకాలం, వానాకాలం రెండూ గడిచాక గాజు చెక్కుచెదరకపోతే ఆ పగులును పూడ్చి రంగు వేసుకోవచ్చు. పగిలితే ముందు పునాది సంగతి చూడాలి. కొన్ని నెలలు ఆగితే తెలిసేదాన్ని ఆగకుండా పూడ్చేసి, ఏడాది తర్వాత అదే చోట మళ్లీ పగులు చూసి కాంట్రాక్టరును తిట్టేవాళ్లు చాలామంది.

కాంక్రీటు బిల్డింగు అయితే స్లాబు కింద పెచ్చులు ఊడుతున్నాయేమో చూడమనండి. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి పాకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది చువ్వ దాకా చేరిందంటే, చెమ్మ తగలగానే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి నెట్టి పెచ్చులూడగొడుతుంది. ఎంత లోతు దాకా వచ్చిందో చూడటానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. కాంక్రీటును కొద్దిగా చెక్కి, అప్పుడే బయటపడిన భాగం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం స్ప్రే చేస్తారు. ఇంకా బాగున్న కాంక్రీటు ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. గుణం పోయిన భాగం రంగు మారదు. ఆ రంగులేని పట్టీ మీద టేపు పెట్టి కొలవడమే. మీరు ఎంత దూరంలో ఉన్నా ఆ ఫొటో చూసి మీకే అర్థమవుతుంది, ఇంజినీరు మాట నమ్మాల్సిన పని కూడా లేదు. పెచ్చుల మీద సిమెంటు పూసి పెయింటు వేసి ‘రిపేరు అయింది’ అనేవాళ్లకు ఈ పరీక్ష పేరు చెబితే చాలు, మాట తీరు మారుతుంది.

ఆస్బెస్టాస్ గురించి కూడా రెండు ముక్కలు. పాత పైకప్పు రేకులు, పైపుల చుట్టూ చుట్టిన పూత, కొన్ని పాత వినైల్ టైల్స్, ఫాల్స్ సీలింగ్ పలకల్లో అది ఉండొచ్చు. బ్రిటన్ దాన్ని 1999లో నిషేధించింది, యూరోపియన్ యూనియన్ మొత్తానికి నిషేధం 2005 నుంచి అమలైంది. అంటే ఆ దేశాల్లో అంతకు ముందు కట్టిన ఏ బిల్డింగులోనైనా అది ఉందేమో అని అనుమానించాల్సిందే. కదపకుండా ఉంచితే ప్రమాదం తక్కువ. కోసినా, పగలగొట్టినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. కూల్చివేత మొదలుపెట్టే ముందు నమూనాలు ల్యాబుకు పంపించండి. పనివాళ్లకు ఆ దుమ్ములో ఏముందో తెలియదు. తెలుసుకోవాల్సిన బాధ్యత డబ్బు పెట్టేవాళ్లది. దూరంగా ఉన్నంత మాత్రాన అది తప్పదు.

ఇప్పుడు మనుషుల దగ్గరికొద్దాం. అక్కడ మీ తరఫున ఎవరు ఉంటారు? సాధారణంగా ఒక బంధువు ఉంటాడు. అన్నయ్యో, బావమరిదో, చిన్నాన్నో. మంచివాడే, ప్రేమగానే చేస్తాడు. కానీ ఆయనకు జీతం ఇవ్వలేరు, తప్పు జరిగితే గట్టిగా అడగలేరు, మధ్యలో తీసేయలేరు. ఆయన కూడా మొహమాటానికి కాంట్రాక్టరుతో ‘సరే కానీయండి’ అంటాడు. బంధువుకు తాళాలు ఇవ్వండి, పార్శిళ్లు తీసుకోమనండి, పక్కింటివాళ్లతో మాట్లాడమనండి. నాణ్యత చూసే పని మాత్రం ఆయన నెత్తిన పెట్టకండి. దానికి ఫీజు తీసుకునే ఇంజినీరును పెట్టుకోండి. ఆ ఇంజినీరును కాంట్రాక్టరు తీసుకురాకూడదు, ఆయన ఫీజు కాంట్రాక్టరు చేతుల మీదుగా పోకూడదు. డిజైన్ చేసినవారు, పని చేసేవారు, తనిఖీ చేసేవారు ఒక్కరే అయితే అన్నీ వాళ్లే చూసుకుంటారని హాయిగా అనిపిస్తుంది. ఆ హాయి బిల్లు వచ్చేదాకానే.

సంతకాల కోసం పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తుంది. జనరల్ పవర్ వద్దు. ఫలానా బిల్డింగుకు సంబంధించిన అనుమతుల దరఖాస్తులు, కరెంటు, నీటి కనెక్షన్లు, ఫలానా తేదీ వరకు, అంతే. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి అధికారం లేదని అందులోనే రాయించండి. మీరున్న దేశంలో సంతకం పెట్టిన కాగితం అక్కడ చెల్లాలంటే రెండు దేశాలూ 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉంటే, కాగితం అసలైనదేనని మీరున్న దేశపు అధికారులు వేసే అపోస్టిల్ ముద్ర సాధారణంగా సరిపోతుంది. ఇప్పుడు 120కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. లేకపోతే రాయబార కార్యాలయం చుట్టూ తిరగాలి. కొన్ని చోట్ల స్థానికంగా నమోదు కూడా చేయించాలి. వీటికి వారాలు పడతాయి. పనివాళ్లను కుదుర్చుకునే ముందే ఈ కాగితం చేతిలో ఉండాలి.

సరే, అసలు సంగతి. మూతపడే పని. కాంట్రాక్టు రాసేటప్పుడే ‘ఈ దశల్లో పని ఆగాలి, తనిఖీ అయ్యాకే ముందుకెళ్లాలి’ అని రాయించండి. గోడల్లో పైపులు వేశాక, ప్లాస్టరింగ్‌కు ముందు ఒకసారి. గచ్చు కింద డ్రైనేజీ వేశాక, కాంక్రీటు పోయకముందు ఒకసారి. వాటర్‌ప్రూఫింగ్ పూత అయ్యాక, టైల్స్‌కు ముందు. సీలింగ్ పైన డక్టులు, కేబుళ్లు అయ్యాక, బోర్డు బిగించకముందు. కొత్త బీమో, స్లాబో వేస్తుంటే చువ్వలు కట్టాక, కాంక్రీటుకు ముందు. ఇంకేమీ రాయించకపోయినా పరవాలేదు, ఇవి మాత్రం రాయించండి. తనిఖీ లేకుండా మూసేస్తే తన ఖర్చుతో మళ్లీ తెరవాలన్న వాక్యం కూడా ఉండాలి. దాన్ని ఒక్కసారి నిజంగా అమలు చేస్తే మళ్లీ అమలు చేయాల్సిన అవసరం రాదు.

తనిఖీ అంటే చూసి తల ఊపడం అనుకోకండి. ప్రతి దశకూ ఒక పరీక్ష ఉంది, దానికి ఒక సాక్ష్యం ఉంటుంది. నీటి పైపుల్లో మామూలుగా ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి గంటల తరబడి అలాగే ఉంచుతారు. గేజ్ ముల్లు ఎక్కడుందో మొదట్లో ఒక ఫొటో, చివర్లో ఒక ఫొటో. ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతోంది. వైరింగ్‌కు మెగ్గర్ అనే మీటరు పెట్టి ఇన్సులేషన్, అంటే వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూస్తారు, ఒక్కో సర్క్యూట్‌కు ఒక్కో రీడింగ్ రాసి సంతకం పెట్టాలి. బాత్రూముకో, టెర్రస్‌కో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక డ్రెయిన్ మూసేసి నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు ఉంచుతారు. గోడ మీద నీటి మట్టం దగ్గర గీత గీస్తారు. రెండో రోజు మట్టం తగ్గితే ‘ఎండకు ఆవిరైపోయిందండీ’ అంటారు. నిజమే కావచ్చు. అందుకని పక్కనే ఒక వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి, దానికీ గీత పెట్టించండి. తొట్టిలో ఎంత తగ్గిందో గచ్చు మీద కూడా అంతే తగ్గితే ఆవిరే. గచ్చు మీద ఎక్కువ తగ్గితే నీళ్లు కిందికి పోతున్నాయి. కింది అంతస్తు సీలింగ్ ఫొటో కూడా అడగండి.

ఫొటోల గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే దూరంగా ఉన్నవారికి కళ్లు అవే. రోజూ నలభై ఫొటోలు వస్తాయి, ఏది ఏ గదిదో తెలియదు. పైపు క్లోజప్ ఉంటుంది, అది ఏ గోడో ఎవరికీ తెలియదు. పద్ధతి పెట్టండి. గుమ్మంలో నిలబడి గది మొత్తం ఒకటి, తర్వాత గోడ మొత్తం, తర్వాత దగ్గర నుంచి. గోడ ఫొటోలో రెండు టేపులు కనబడాలి: గచ్చు నుంచి పైకి ఒకటి, గది మూల నుంచి పక్కకు ఒకటి. పైపు గచ్చుకు ఎంత ఎత్తులో, మూలకు ఎంత దూరంలో పోతోందో ఆ టేపులే చెబుతాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన చోటు లాంటి వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి, లేదా షేర్డ్ ఫోల్డర్‌లో గది పేరుతో పెట్టమనండి. వీడియో అయితే మధ్యలో ఆపకుండా, గేటు దగ్గర మొదలుపెట్టి చివరి గది దాకా ఒకే టేకులో తీయాలి. కట్ చేసిన వీడియోలో చూపించని గదే మీరు చూడాల్సిన గది.

ఒక డెంటల్ క్లినిక్ పని చెబుతాను. డాక్టరు గారు విదేశంలో ఉంటున్నారు, తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టుకోవడానికి ఒక పాత ఇల్లు తీసుకున్నారు. దంతవైద్యుల కుర్చీ ఉంది చూశారూ, అది మామూలు కుర్చీ కాదు. దాని కింద గచ్చులోంచి నీళ్లు, డ్రెయిన్, కంప్రెసర్ గాలి, సక్షన్, కరెంటు అన్నీ ఒకే చోట పైకి రావాలి. ఆ చోటు ఎక్కడన్నది కుర్చీ కంపెనీ ఇచ్చే కొలతల కాగితంలో ఉంటుంది, ఒక్కో మోడల్‌కు ఒక్కోలా. మేము పైపులన్నీ వేసి, టేపులు పెట్టి ఫొటోలు తీసి, గచ్చు మూసేశాం. టైల్స్ కూడా పడ్డాయి. అప్పుడు డాక్టరు గారు మోడల్ మార్చారు. ఎగ్జిబిషన్‌లో ఇంకో కుర్చీ నచ్చింది ఆయనకు, ఏం చేస్తాం. కొత్త కుర్చీకి డ్రెయిన్ ఒక చేతి వెడల్పు పక్కకు జరగాలి. ఫొటోల్లో కొలత చూసి ఎక్కడ కోయాలో గీత గీశాం. రెండు టైల్స్ పోయాయి. ఆ ఫొటోలు లేకపోతే పైపు ఎటు పోయిందో వెతుక్కుంటూ గదంతా తవ్వేవాళ్లం. ఆ క్లినిక్కులోనే కిరణాలు బయటికి పోకుండా ఎక్స్‌రే గది గోడలో సీసం షీటు పెట్టాం. షీట్ల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయా లేదా అన్నది ప్లాస్టరింగ్ అయ్యాక కళ్లతో చూడలేరు. దాని ఫొటోలు కూడా అనుమతి ఫైలులోకి వెళ్లాయి.

కెమెరాలు పెడితే సరిపోదా అని ఎవరో చిన్నగా అంటున్నారు. అంటున్నది వినబడుతోంది. (నవ్వులు) పెట్టండి, సామాను దొంగతనం తగ్గుతుంది. ఎవరు ఎప్పుడొచ్చారో తెలుస్తుంది. కానీ కెమెరా మనిషి వీపును చూపిస్తుంది, ఆ మనిషి చేతిలోని జాయింటును చూపించదు. పైగా మీరు రాత్రిళ్లు నిద్ర మానేసి దాన్ని చూస్తూ కూర్చుని, పొద్దున్నే ‘నిన్న ఇద్దరే ఎందుకొచ్చారు’ అని ఫోన్ చేస్తారు. పని కొలతల ప్రకారం మాట్లాడుకున్నప్పుడు ఇద్దరొస్తే మీకేం, పదిమందొస్తే మీకేం?

టైం తేడా మాత్రం చాలా పెద్ద విషయం. అక్కడ పొద్దున తొమ్మిదింటికి గోడ తెరిస్తే డ్రాయింగులో లేని బీమ్ ఒకటి కనబడింది. మీకు మెసేజ్ పెట్టారు. మీరు నిద్రలో ఉన్నారు. లేచి చూసి జవాబిచ్చేసరికి అక్కడ సాయంత్రం. ఈలోపు మేస్త్రి చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? కూర్చుంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు? అతను తనకు తోచినట్టు బీమ్‌కు కన్నం పెట్టి పైపు పంపేస్తాడు. చాలా తప్పులు ఇలాగే పుడతాయి. వాటిలో మోసం ఉండదు, నిర్ణయం తీసుకునే మనిషి అందుబాటులో ఉండడు, అంతే. కాబట్టి ముందే కాగితం మీద పెట్టండి. ఇంత ఖర్చు లోపు విషయాలు మీ ఇంజినీరు అక్కడికక్కడే తేల్చేస్తారు. అంతకు మించితే మీకు ఫోను, ఇన్ని గంటల్లో మీ జవాబు. బీమ్, పిల్లర్, స్లాబ్, బరువు మోసే గోడ, వీటిని ముట్టుకునేది ఏదైనా సరే, ఖర్చు రూపాయి కాకపోయినా పని ఆగాల్సిందే, పనివాళ్లను ఆ రోజుకు వేరే గదిలోకి పంపాల్సిందే. ఫోన్లో ఒప్పుకున్న ప్రతిదీ అదే రోజు రెండు లైన్లలో రాసి పంపండి. ‘మీరే అన్నారుగా’ అన్న మాటకు విరుగుడు అదొక్కటే.

డబ్బు గురించి త్వరగా చెప్పేస్తాను. అడ్వాన్సు తక్కువ ఉండాలి. మిగతా వాయిదాలు తేదీలకు కాకుండా ఇందాక చెప్పిన తనిఖీలకు ముడిపెట్టండి: ప్రెజర్ టెస్టు రిపోర్టు వచ్చింది, ఈ వాయిదా వెళ్లింది. ప్రతి బిల్లులో 5 నుంచి 10 శాతం ఆపి ఉంచుకోవడం ఈ రంగంలో మామూలే. అందులో కొంత పని అప్పగించినప్పుడు, మిగతాది లోపాల గడువు, అంటే లోపం బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు తీరాక ఇస్తారు. ఆ గడువు ఏడాది పెట్టుకుంటే ఒక వానాకాలం అందులో వస్తుంది. పాత బిల్డింగుకు బడ్జెట్‌లో 15, 20 శాతం పక్కన పెట్టుకోకుండా దిగొద్దు. ఆ డబ్బు గోడల్లోంచి బయటపడే వాటికోసం, మంచి లైట్ల కోసం కాదు. మీరు సంపాదించేది ఒక కరెన్సీలో, ఖర్చు ఇంకో కరెన్సీలో కాబట్టి, మారకం రేటు ఇటు అటు అయితే బడ్జెట్ ఏమవుతుందో ముందే ఒకసారి లెక్క వేసి చూసుకోండి.

బీమా పాలసీ ఒకసారి తీసి చదవండి. బిల్డింగు ఖాళీగా 30 రోజులో 60 రోజులో దాటితే కవరేజీ తగ్గించే పాలసీలు చాలా ఉంటాయి. నిర్మాణ పని జరుగుతుంటే మామూలు పాలసీ పనిచేయకపోవచ్చు కూడా. మీ బిల్డింగు ఖాళీగానూ ఉంది, పనీ జరుగుతోంది. బీమా కంపెనీకి ముందే చెప్పి, పని జరిగినన్నాళ్లకు విడిగా పాలసీ తీసుకోండి. కాంట్రాక్టరు పనివాళ్లకు బీమా ఉందో లేదో కాగితం చూపించమనండి.

మరి మీరు ఎప్పుడు వెళ్లాలి? అందరూ ప్రారంభోత్సవానికి టికెట్ బుక్ చేసుకుంటారు. అప్పుడు మీరు చూడగలిగేది పెయింటూ, లైట్లూ, పూలూ. మీకు ఒక్క ప్రయాణానికే సెలవు దొరుకుతుందంటే కూల్చివేత అయిపోయి, పైపులూ వైర్లూ వేసి, గోడలు ఇంకా తెరిచి ఉన్నప్పుడు వెళ్లండి. బిల్డింగు చూడటానికి దరిద్రంగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుండదు. అయినా సరే, రెండు మూడు రోజులు ప్రతి గదిలో నిలబడి మీ వ్యాపారం నడుస్తున్నట్టు ఊహించుకోండి. కస్టమరు ఎటు నుంచి వస్తాడు, మీరు ఎక్కడ నిలబడతారు, ఈ స్విచ్ చేతికి అందుతుందా, ఈ తలుపు తెరిస్తే ఎవరికి తగులుతుంది? సుద్దముక్కతో నేల మీద సామాన్లన్నీ గీయించండి. ఆ రోజు ఒక ప్లగ్ పాయింట్ జరపడం పది నిమిషాల పని. రెండు ప్రయాణాలు కుదిరితే రెండోది తాళాలు తీసుకునే ముందు, చివరి బిల్లు ఇచ్చే ముందు. ప్రారంభోత్సవం తర్వాత మాత్రం కాదు.

ఆ చివరి బిల్లుకు ముందు తీసుకోవాల్సినవి ఉన్నాయి. నిజంగా వేసినట్టు దిద్దిన పైపుల, వైరింగ్ డ్రాయింగులు. గదుల వారీగా ఫొటోల ఫోల్డర్. పరీక్షల రిపోర్టులు. ప్రతి యంత్రానికీ వారంటీ కాగితం, అది కాంట్రాక్టరు పేరు మీద కాకుండా మీ పేరు మీద ఉండాలి. నీళ్లు, గ్యాసు, కరెంటు మెయిన్ ఎక్కడ కట్టేయాలో చూపిస్తూ చిన్న వీడియో. వాడిన పెయింటు, టైల్స్ కోడ్‌లు, ఒక పెట్టె అదనపు టైల్స్. బిల్లు పూర్తిగా కట్టేశాక వీటిని అడిగితే ‘పంపిస్తాం సార్’ అంటారు, పంపించరు. ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదు, అప్పటికి వాళ్లు ఇంకో పనిలో మునిగిపోయి ఉంటారు. ఆ ఫోల్డర్ కాపీ ఒకటి రేపు మీ దుకాణం చూసుకునే మేనేజరు దగ్గర కూడా ఉంచండి. అర్ధరాత్రి పైపు పగిలితే ఫోన్ ఎత్తేది ఆయనే కదా.

నాకిచ్చిన టైం అయిపోయింది. ప్రశ్నలకు పావుగంట ఉందంటున్నారు. అద్దె బిల్డింగు అయితే మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకోవాలని ఇందాక బయట ఒకావిడ అడిగారు, ముందు దానితో మొదలుపెడదాం. మైకు ఆవిడకు ఇవ్వండి.